గడి ముందు చెప్పులు

సెప్టెంబరు పదిహేడున మా ఊళ్లో జెండా ఎగరేయడానికి అవ్వను పిలిచారని బాపు ఫోన్‌లో చెప్పగానే నా గుండె గుభేలుమంది. ఇంకొకరి ఇంట్లో అయితే స్వీట్లు పంచుకునే వార్త అది. నేను మాత్రం నల్గొండ బస్టాండులో నిలబడి, "ఎక్కడ ఎగిరేస్తరంట?" అని అడిగాను. జవాబు నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఇంకెక్కడనే, పంచాయతాఫీసు ముంగట" అన్నాడు బాపు. ఆయన గొంతులోనూ సంతోషం లేదు. "నువ్వొక దినం ముందే రా రూపా. నీ మాటైతే ఇంటది."

అవ్వ ఎవరి మాటా వినదు. అది బాపుకూ తెలుసు. దిక్కు తోచనప్పుడు మనిషి ఎవరో ఒకరిని పట్టుకుంటాడు, అంతే.

అంత భయం ఎందుకో చెబుతాను. మాది హుజూర్‌నగర్ దగ్గర ఊరు. పంచాయతీ ఆఫీసు ఉన్నది పాత దొర గడిలో, ఆ కోటలాంటి ఇంట్లో. దొర వంశంలో ఎక్కువమంది ఎప్పుడో పట్నం వెళ్లిపోయారు. గడిలో సగం కూలిపోయింది. మిగిలిన సగానికి రంగు వేసి బోర్డు పెట్టారు. జెండా గద్దె పెద్ద దర్వాజా ఎదురుగా ఉంటుంది. జెండా పండుగ నాడు గద్దె చుట్టూ ముగ్గుతో గీత గీస్తారు. ఆ గీత లోపలికి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టరు. దేవుడి ముందు ఎట్లాగో జెండా ముందు అట్లాగే. గద్దెకు బొట్టు పెడతారు, కొబ్బరికాయ కొడతారు, చెప్పులు విడుస్తారు. పక్క ఊళ్లో ఒకాయన బూట్లతో జెండా ఎగరేస్తే ఎవరో వీడియో తీసి ఫోన్లలో తిప్పారు. పాపం, ఆయన చాలా రోజులు గడప దాటలేదు.

మా అవ్వ జంగమ్మ ఆ గడి ముందు చెప్పులు విడవదు. డెబ్బై అయిదేళ్లుగా విడవలేదు. మొండితనం అంటారా, అనండి, నేను కాదనను. ఆ మొండితనం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక అనండి.

అవ్వ నాయిన పేరు మైసయ్య. మేం మాదిగోళ్లం, ఆయన చెప్పులు కుట్టేవాడు. లందలో తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, ఆరెతో పొడిచి కుట్టిన ఆయన చెప్పులు నడుస్తుంటే కిర్రుకిర్రుమనేవట. గడిలో ఇంటిల్లిపాదికీ ఆయనే కుట్టాలి. వెట్టి కాబట్టి కూలీ లేదు, గింజలూ లేవు. కొత్త తోలు కాలిని కొరుకుతుంది కదా. దొర బిడ్డ కాలిని కొరకకూడదని, అదే ఈడు పిల్ల అయిన మా అవ్వకు ముందుగా ఆ చెప్పులు తొడిగి, ఇంటి వెనుక నడిపించి, మెత్తబడ్డాక గడికి ఇచ్చేవాడు. కొరికించుకోవడం అవ్వ వంతు, తొడుక్కోవడం దొర బిడ్డ వంతు. మా వాడలో వాళ్లెవరూ గడి ముందు చెప్పులతో నడవకూడదు. కాళ్లకు ఏమైనా ఉన్నవాళ్లు మలుపు దగ్గరే విప్పి, చేతిలో పట్టుకుని, తల వంచుకుని దాటేవాళ్లు.

ఒకసారి అవ్వ ఆ సంగతి మరిచిపోయింది. పదకొండేళ్ల పిల్ల. చెప్పులు కిర్రుమంటుంటే ఆ చప్పుడు ముద్దొచ్చి, ఇంటి వెనుక నుంచి సందులోకి, సందులో నుంచి బాటకు వచ్చి, గడి ముందు నుంచి నడిచింది. "నన్ను కాళ్లు తీస్కపోలే బిడ్డా, చెవులు తీస్కపోయినయ్" అంటుంది ఇప్పటికీ.

దొర మైసయ్యను పిలిపించాడు. ఆ చెప్పులనే ఆయన నెత్తిన పెట్టించి పొద్దంతా ఎండలో గడి ముందు నిలబెట్టాడు. పొద్దు వాలాక వంగబెట్టి వీపు మీద బండ ఎత్తించాడు. అవ్వ చూస్తూ నిలబడింది. గొర్రెలను తోలుకొస్తున్న కురుమయ్య కూడా చూశాడు. అప్పటికి ఆయన ఇంకా చిన్నపిల్లవాడు. ఇప్పుడు ఊళ్లో అవ్వ తరువాత పెద్ద ఆయనే.

ఆ ఏడే మైసయ్య దొరల మీద కొట్లాడే సంఘంలో కలిశాడు. ఆరె ఇంట్లో పెట్టి గుత్పకర్ర పట్టుకున్నాడు. వెట్టి చేసేది లేదని చెప్పిన మొదటి వాళ్లలో ఆయన ఒకడు. తరువాత దళంతో గుట్టలకు పోయాడు. అవ్వ గడ్డిమోపులో జొన్నరొట్టెలు దాచి గుట్టల్లోకి మోసేది. రజాకార్లు ఊరి మీద పడినప్పుడు ఆడవాళ్లు రోకళ్లు, కారం పొడి పట్టుకుని నిలబడితే ఆ వరుసలో అవ్వ కూడా ఉంది. కారం విసిరితే గాలికి సగం తన కళ్లలోనే పడిందని చెప్పి ఇప్పటికీ పకపకా నవ్వుతుంది. మైసయ్య మాత్రం తిరిగి రాలేదు. కృష్ణ దాటబోతుంటే తుపాకీ దెబ్బ తగిలిందని ఒకరు, కాదు ఏట్లో కొట్టుకుపోయాడని ఇంకొకరు చెప్పారు. శవం దొరకలేదు. ఆయన తన కోసం కుట్టుకుని, ఊళ్లో ఎన్నడూ తొడగని జత ఒకటి ఇంటి చూరులో మిగిలింది.

యూనియన్ మిలిట్రీ వచ్చిందనీ దొర పారిపోయాడనీ తెలిసిన రోజు అవ్వ ఆ జత దింపింది. అవి తండ్రి చెప్పులు, కాళ్లేమో పిల్లవి. జారకుండా గుడ్డపేలికతో కట్టుకుని గడి ముందు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచింది. ఆ రోజును ఇప్పుడు ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, ఒకరు సమైక్యత అంటారు. పేరు కోసం ఏటేటా టీవీల్లో గొంతులు చించుకుంటారు. మా అవ్వకు మాత్రం అది "చెప్పులు తొడుక్కున్న దినం".

దొర కొన్నాళ్లకు తిరిగి వచ్చాడు. తిట్టించాడు, బెదిరించాడు. అవ్వ వినలేదు. తాత మల్లయ్యను పెళ్లి చేసుకుని నాట్లకు, కోతలకు పోయేటప్పుడు కూడా ఆ బాటనే, చెప్పులతోనే పోయింది. గడి రేషన్ దుకాణమైనా, ఓట్ల బూత్ అయినా అంతే. తాత పోయినప్పుడు అందరూ ఉత్త కాళ్లతో పాడె వెంట నడుస్తుంటే, అవ్వ గడి దాటేదాకా చెప్పులతో నడిచి, దాటాక విడిచింది. చుట్టాలు నోళ్లు నొక్కుకున్నారు. ఆమె తిరిగి చూడలేదు.

ఇదీ సంగతి. తెలంగాణ వచ్చిన తొమ్మిదేళ్లకు, ఈ మనిషిని ఆ గడి ముందుకే జెండా ఎగరేయమని పిలిచారు. పిలిచింది సర్పంచ్ అమరేందర్. దొర తమ్ముడికి మనవడు. మంచివాడే, కాదనడానికి లేదు. మాకు భయం వేరే ఉంది. బాపు ఆయన భూమినే కౌలుకు చేస్తున్నాడు. ప్రతి ఉగాదికీ ఆయన సరేనంటేనే మళ్లీ ఏడాదికి మా చేతిలో నాగలి.

నేను నల్గొండ పక్కనే పానగల్‌లో ఉన్న కిరాయి గదికి తాళం వేసి, ఒకరోజు ముందే ఊరికి చేరాను. దారిలో హుజూర్‌నగర్‌లో ఆటో దిగి కొత్త చెప్పులు కొనుక్కున్నాను. ఇంటికి వెళ్లేసరికి అవ్వ వాకిట్లో బట్టల తాడు పట్టుకుని గుంజుతోంది.

"రూపా, జెండా తాడు ఏ చేత గుంజాలె బిడ్డా? కుడిచేతనా?"

నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. దళం రోజుల్లో జెండా మగవాళ్లే పట్టుకునేవారట, అవ్వకు రొట్టెల మోపు ఇచ్చేవారట. ఆమె చేతికి జెండా తాడు రావడం ఇదే మొదటిసారి. గంజి పెట్టిన తెల్లచీర దండెం మీద ఆరుతోంది. గడప పక్కన నీలం రబ్బరు చెప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒకదాని పట్టీకి పిన్నీసు.

నా కొత్త చెప్పులు విప్పి వాటి పక్కన పెట్టాను.

సాయంత్రం అందరం ఆమె చుట్టూ కూర్చున్నాం. ముందు మా అమ్మ మెర్సీ మొదలుపెట్టింది. "అత్తా, యేసయ్య అంతటోడే వంగి శిష్యుల కాళ్లు కడిగిండు. మనం జర తగ్గితే ఏమైతది?"

"కడిగిండు గని, ఆళ్ల చెప్పులు నెత్తిన పెట్టుకొమ్మంటే పెట్టుకున్నడానే?" అంది అవ్వ.

బాపు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఊరంత ఉంటది. పోరగాళ్లు ఫోన్లు పట్టుకొని ఉంటరు. జెండాను అవమానం జేసిందని లొల్లి జేత్తే సర్పంచ్ పటేలు మొకం చిన్నగైతది. ఉగాదికి భూమి వద్దంటే మనం ఏం దిని బత్కాలె?"

కౌలు మాట ఆమెకు తగిలింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నన్ను పిలువుండ్రని నేను అడగలే పరశురాం. పిలిచిండ్రు. నాకు పోవాలని ఉన్నది" అంది చివరికి. తనకు ఏదైనా కావాలని ఆమె అనడం నేను ముందెన్నడూ వినలేదు.

"ఒక్క నిమిషమే అవ్వా. తాడు గుంజి, మొక్కి, మల్ల తొడుక్కుందువు" అన్నాను.

"మా బాపు పొద్దంత నిలవడ్డడు బిడ్డా" అంది.

తెల్లారింది. ముసురు పట్టి బాట అంతా బురద. అవ్వ తెల్లచీర కట్టుకుని, నీలం చెప్పులు తొడుక్కుని ముందు నడిచింది. వెనుక మేం ముగ్గురం శవం వెంట పోతున్నట్టు ముఖాలు వేలాడేసుకుని నడిచాం. గడి మలుపు దగ్గరికి రాగానే మైకులో దేశభక్తి పాటలు, బడిపిల్లల గోల వినిపించాయి. ముగ్గు గీత బయట చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. బూట్లు, రబ్బరు చెప్పులు, కురుమయ్య తోలు చెప్పులు, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఆ కుప్పలో వేస్తే కొత్తవి మళ్లీ దొరుకుతాయా అని నేను నావి విప్పి చేతిలో పట్టుకున్నాను.

బాపు పరుగులాంటి నడకతో అమరేందర్ దగ్గరికి పోయాడు. చేతులు కట్టుకుని ఏదో చెప్పాడు. అమరేందర్ అవ్వ కాళ్ల వైపు చూశాడు. కొంచెం ఆలోచించాడు. బాపు భుజం తట్టాడు.

"గీమాత్రానికే ఫికర్ ఎందుకు పరశురాం? నేను చెప్త గద."

మైకు తీసుకున్నాడు. "ఊరి పెద్దలకు, పిల్లలకు నమస్కారం. ఇయ్యాల మన జంగమ్మవ్వ జెండా ఎగిరేస్తది. అవ్వకు షుగర్ ఉన్నది, కాళ్లు బాగలేవు. డాక్టర్లు చెప్పులు ఇడువొద్దన్నరు. కావట్టి అవ్వ చెప్పులతోనే ఎగిరేస్తది. ఎవ్వరు ఏమనుకోవద్దు."

నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. అమ్మ కళ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. జనం తలలూపారు. అయ్యో పాపం అని ఎవరో ఆడమనిషి అంది. ఎంత తేలికగా తీరిపోయింది, రాత్రంతా నిద్ర ఎందుకు పాడుచేసుకున్నాం అనుకున్నాను. అవ్వ గీత దాటి గద్దె ఎక్కింది. అమరేందర్ తాడు అందించాడు.

అవ్వ తాడు పట్టుకుంది. గుంజలేదు.

"బిడ్డా, నాకు షుగర్ లేదు" అంది.

మైకు ఇంకా అమరేందర్ చేతిలోనే ఉంది. ఆ మాట ఊరంతా వినపడింది.

"ఉండనియ్ అవ్వా, నువ్వు గుంజు" అన్నాడు ఆయన మెల్లగా. అది కూడా వినపడింది.

"నా కాళ్లు మంచిగనే ఉన్నయ్. నిన్న కలుపు దియ్యబోయిన. రోగముందని అబద్ధమాడి జెండా ఎగిరెయ్యను. నేను కావాలనే తొడుక్కొచ్చిన."

బాపు ముఖం తెల్లబోయింది. గుంపులో నవీన్ అనే పిల్లగాడు, డిగ్రీ చదువుతున్నాడు, ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. నేను భయపడ్డది అదే. నా కళ్ల ముందే అది జరుగుతోంది.

"జెండాకు మర్యాద ఉండొద్దా అవ్వా?" అని అరిచాడు వాడు.

అవ్వ వాడి వైపు తిరిగింది. కోపంగా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. "మర్యాదంటే చెప్పులు ఇడుసుడేనా కొడుకా? గీ జాగల మా వాడోళ్లం మస్తేండ్లు ఇడిసినం. అప్పుడు ఈడ జెండా లేదు. ఎవనికి మర్యాదిచ్చినం మరి?"

వాడు ఫోన్ దించలేదు.

"ఈన్నే, గీ దర్వాజ ముంగట, మా బాపు మైసయ్య నెత్తిన చెప్పులు పెట్టుకొని నిలవడ్డడు. నేను తొడుక్కొని నడిసినందుకు. మీరెవ్వలు చూడలే. కురుమయ్య చూసిండు. అడుగుండ్రి."

అందరూ కురుమయ్య వైపు తిరిగారు. ఆయన కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. "చూసిన" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"జెండాకు నేను మస్తుగ మొక్కుత. గీ చెప్పులతోనే మొక్కుత. వద్దంటే చెప్పుండ్రి, తాడు ఈడ పెట్టి పోత." తాడు పట్టుకున్న చెయ్యి బిగిసే ఉంది. పోవడం ఆమెకు ఇష్టం లేదని, అయినా పొమ్మంటే పోతుందని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. చినుకులు మొదలయ్యాయి. నేను బాపు వైపు చూశాను, బాపు అమరేందర్ వైపు చూశాడు. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఉగాది, కౌలు, వీడియో, నల్గొండలో నా ఆఫీసు వాళ్లు అది చూడటం, అన్నీ ఒక్కసారిగా తలలో తిరిగాయి.

అప్పుడు కురుమయ్య కదిలాడు. కర్ర పోటేసుకుంటూ చెప్పుల కుప్ప దగ్గరికి పోయి, తన తోలు చెప్పులు వెదికి తొడుక్కుని, ముగ్గు గీత దాటి అవ్వ పక్కన వచ్చి నిలబడ్డాడు. అవి కిర్రుమన్నాయో లేదో నాకు తెలియదు, వాన చప్పుడులో వినపడలేదు. ఆయన వెనుక నాగులమ్మ పెద్దమ్మ పోయింది. తరువాత వాడ ఆడవాళ్లంతా పోయారు. కాసేపటికి కుప్ప దగ్గర తోపులాట అయింది. నాది ఇది, నీది అది అని కేకలు, బడిపిల్లల నవ్వులు. పంతులమ్మ శ్రీవాణి కూడా పిల్లలను వరుసలో పంపి చెప్పులు తొడిగించింది. నవీన్ ఒంటిచేత్తో ఫోన్ పట్టుకునే బూటు వెదుక్కున్నాడు.

చివరికి గద్దె దగ్గర ఉత్త కాళ్లతో నాకు కనపడింది అమరేందర్ ఒక్కడే. తెల్ల ప్యాంటు అంచులకు బురద అంటింది.

"అందరు తొడుక్కున్నరు అవ్వా. గుంజు" అన్నాడు.

"నువ్వు?"

ఈసారి ఆయన మైకు కట్టేసి చెప్పాడు. గద్దె పక్కనే ఉన్నాం కాబట్టి మాకు వినపడింది. "మా తాతలు జేసింది నాకెరుకనే అవ్వా. ఇయ్యాల నన్ను గిట్లనే ఉండనియ్యి. మీరందరు చెప్పులతోటి, నేను ఉత్త కాళ్లతోటి. గదే బాగుంటది."

ఆ మాటకు బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ గుండె కరిగింది. మా ముత్తాతకు ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది. అవ్వ ఒప్పుకుంటుందని, తృప్తిగా తాడు గుంజుతుందని అనుకున్నాను.

అవ్వ తల అడ్డంగా ఊపింది.

"వద్దు బిడ్డా. ఈడ ఒక్కలు చెప్పులిడిసి నిలవడ్డా ఇది గడే. మా బాపు నిన్ను నిలవెట్టాల్నని పోలేదు. పో, తొడుక్కొని రా. మేం ఆగుతం."

అమరేందర్ ఆమెను అట్లాగే చూశాడు. తరువాత కుప్ప దగ్గరికి పోయాడు. కుప్ప ఇప్పుడు ఖాళీ. ఆయన బూట్లు రెండే, తడిసి, దూరదూరంగా పడి ఉన్నాయి. వంగి తొడుక్కుని, వానలో లేసులు కట్టుకున్నాడు. తడిసిన లేసు ఒకటి ముడి పడక జారిపోతుంటే మళ్లీ కట్టాడు. ఊరంతా నిలబడి చూసింది. ఆ గడి ముందు ఎవరైనా చెప్పులు తొడుక్కునేదాకా ఊరంతా ఆగడం అదే మొదటిసారి అయి ఉంటుంది. ఆయన వచ్చి అవ్వ పక్కన నిలబడి, మాట్లాడకుండా ఆమె చేతి కింద తాడు చివర పట్టుకున్నాడు.

అవ్వ కుడిచేత గుంజింది. జెండా తడిసి బరువెక్కింది. మొదటి గుంజుకు విప్పుకోలేదు. రెండోసారి గుంజితే విప్పుకుంది. బంతిపూల రేకులు ఆమె నెత్తిన, ఆయన నెత్తిన రాలాయి. పిల్లలు పాట అందుకున్నారు. అవ్వ చెయ్యెత్తి మొక్కింది. నోరు తెరిచి ఏడ్చింది, దాచుకోలేదు.

కౌలు సంగతి ఇంకా తేలలేదు. ఉగాది దూరముంది. వీడియో అప్పటికే ఎన్ని ఊళ్లు తిరిగిందో నాకు తెలియదు. ఇవన్నీ తలచుకుంటూ నేను ముందుకు పోయి, గద్దె దిగుతున్న అవ్వకు చెయ్యి అందించబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. దానివైపు చూస్తూ ఆగిపోయింది.

"రూపా, గవి ఏందే?"

నేను చూసుకున్నాను. కొత్త చెప్పులు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. ఊరంతా తొడుక్కుంది, నాకు మాత్రం ఆ ధ్యాసే లేదు. ఇంతసేపూ గడి ముందు, తల వంచుకుని, చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డాను.

అవ్వ నా భుజం పట్టుకుని నిలబడింది, నేను వంగి అవి కింద పెట్టి తొడుక్కునేదాకా. కొత్తవి కదా, మడమ దగ్గర కొరికాయి.